మా గోల్‌కీపరును పంపించేయండి

విశాఖపట్నం,
మంగళవారం.

గౌరవనీయులైన జిల్లా క్రీడాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

కూర్మన్నపాలెం కాపురస్తుడు, ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, సాగరకెరటం ఫుట్‌బాల్ అభిమాన సంఘం అధ్యక్షుడు అయిన బి. గురునాథరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సాగరకెరటం ఫుట్‌బాల్ క్లబ్ వారు తమ పిల్లల అకాడమీని మూసివేయుట – అందులోని గోల్‌కీపరు కుమారి కీర్తనకు విడుదల పత్రం ఇవ్వకుండుట – సదరు పత్రం ఈ శుక్రవారం లోగా ఇప్పించవలసినదిగా కోరుట – గురించి.

సూచిక: ఇదే విషయమై మేము క్లబ్ వారికి ఇదివరకు పంపుకున్న అర్జీలు. వాటికి జవాబులు రాలేదు కనుక ఉటంకించడానికి నంబర్లు లేవు.

ఈ అర్జీ రాయడానికి కూర్చుంటే మా ఆవిడ కుసుమకుమారి, "మళ్ళీనా? ఈసారైనా కాస్త పొట్టిగా రాయండి, చదివేవాళ్ళకి వేరే పనులుంటాయి" అంది. ఆవిడ మాట సబబే. పొట్టిగా రాయాలనే మొదలుపెట్టాను. ఎక్కడైనా సాగితే, అది తమ కాలం మీద గౌరవం లేక కాదు, ఎక్కడ ఆపాలో తెలియక అని గ్రహించగలరు.

తమ సముఖమునకు మేము మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు సాగరకెరటం క్లబ్ ఒకప్పుడు పోర్టు వాళ్ళూ, స్టీలు ప్లాంటు వాళ్ళూ డ్యూటీ దిగి ఆడుకునే జట్టు. తర్వాత ఒక పై ఊరి కంపెనీ వారు దాన్ని తీసుకున్నారు. జెర్సీ రంగు మార్చారు, గుర్తు మార్చారు, గోల్ పడినప్పుడల్లా చెవులు పగిలేలా ఒక పాట పెట్టారు. మేము ఏమీ అనలేదు. సీనియర్ జట్టులో ఈ ఊరివాడు ఒక్కడూ లేకుండా పోయాడు. వచ్చినవాళ్ళు మంచి ఆటగాళ్ళే, కాదనను. సీజను మొదట్లో విమానం దిగుతారు, చివర్లో ఎక్కుతారు, ఈలోగా వాళ్ళ పేర్లకు మా నోరు తిరగదు. దానికీ మేము ఏమీ అనలేదు. ఎందుకంటే మాకు అకాడమీ ఉంది, ఆదివారం పొద్దున్న పిల్లల మ్యాచ్ ఉంది. ఏ వీధిలో చూసినా క్రికెట్ బ్యాటే కనిపించే ఈ ఊళ్ళో, మా పిల్లలు కాళ్ళతో ఆడే ఆట ఒకటి ఉందని ఎండలో కూర్చుని చూసి సంతోషపడేవాళ్ళం. క్లబ్ వారు మా దగ్గర ఏం తీసుకున్నా, అదొక్కటి ఉన్నంతకాలం మాకు నొప్పి తెలియలేదు.

2. అకాడమీ అనగానేమో తమకు తెలిసే ఉంటుంది. బూటు మావయ్య అనగా ఎవరో తెలిసి ఉండకపోవచ్చు, అందుచేత వివరిస్తున్నాను.

అకాడమీలో చేరిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మా సంఘంలో ఒకరు బూటు మావయ్య అవుతారు. ఎదిగే పిల్లల పాదాలు ఆగవు కదా. తల్లిదండ్రులు చూస్తే చేపలమ్ముకునేవాళ్ళు, ఆటో నడుపుకునేవాళ్ళు, పద్మనాభం నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని పనులకు వచ్చేవాళ్ళు. బూటు బిగుతైతే పిల్లలు ఇంట్లో చెప్పరు, చెబితే ఆట మాన్పించేస్తారని భయం. బొటనవేలు ముడుచుకుని అలాగే ఆడతారు. ఆ తేడా గ్యాలరీలో కూర్చున్నవాడికి తెలుస్తుంది. పిల్లల పరుగు చూసి, బూటు ఎప్పుడు చాలకుండా పోయిందో కనిపెట్టి, వాళ్ళు అడగకముందే కొత్త జత తేవడం బూటు మావయ్య పని. ఎవరికి ఎవరన్నది చేరిన రోజునే చీటీలు వేసి తేలుస్తాం. తర్వాత మార్చుకోవడం లేదు. నీ పిల్లాడు బాగా ఆడుతున్నాడు, నాకిచ్చి నా వాణ్ణి తీసుకో అంటే కుదరదు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు, కంపెనీ వారు మాత్రం కాదు. తమ పెళ్ళి శుభలేఖలో బూటు మావయ్య పేరు వేయించిన కుర్రాళ్ళు కూడా ఉన్నారు.

కుమారి కీర్తన నాకు చీటీలో వచ్చింది. జాలరిపేటలో చేపలమ్మే నూకాలు గారి కూతురు. గోల్‌కీపరు కావడం వల్ల బూట్లతో పాటు గ్లవుజులు కూడా నా పద్దులోకే వచ్చాయి, నా నెరిసిన తల చూసి పిల్లలు మావయ్యను తాతగా మార్చారు. అలా నేను మైదానంలో గ్లవుజుల తాతనయ్యాను. ప్లాంటులో నాకు వచ్చిన ఏ హోదా కన్నా ఇది నాకు బాగా నచ్చింది. ఆ పిల్ల చేరిన కొత్తలో బంతి వస్తే కళ్ళు మూసుకునేది. ఇప్పుడు బంతి కొట్టేవాళ్ళు కళ్ళు మూసుకుంటున్నారు. ఇందులో అతిశయోక్తి ఉన్నట్లు తమకు తోచినచో, కొంచెం ఉన్నది.

3. కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్న పిల్లలు వచ్చేసరికి మైదానం గేటుకు తాళం, తాళం పక్కన ఇంగ్లీషులో ఒక కాగితం ఉన్నాయి. కంపెనీ వారి ప్రాధాన్యాలు మారినందున అకాడమీని ఆ రోజు నుంచే మూసివేస్తున్నామనీ, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలనీ దాని సారాంశం. ఎదిగినవాళ్ళను తెచ్చుకోవడం ఉండగా పిల్లలను పెంచడం దండగని వారు అనుకున్నట్లు తర్వాత తెలిసింది. లెక్క ప్రకారం నిజమే కావచ్చు. ఇంత తేలిగ్గా తేలే లెక్క ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదో మాకు అర్థం కాలేదు.

పిల్లలు వెళ్ళిపోలేదు. ఎవరైనా వచ్చి తాళం తీస్తారేమోనని బూట్లు వేసుకుని గోడ వారగా కూర్చున్నారు. ఎండ ఎక్కింది. ఇక బూట్లు విప్పేయండర్రా అని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. చివరికి వాళ్ళే ఒక్కొక్కరూ విప్పి చేతిలో పట్టుకుని వెళ్ళారు.

అభిమానుల మనోభావాలు ఎలా ఉన్నవో కూడా అర్జీలో రాయమని సంఘం వారు కోరారు. అవి ఇట్లున్నవి. ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాం. దీనికి వెళ్ళి కూర్చోవడానికి ఇల్లు లేదు. మా సభ్యుల్లో చాలామంది ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే తయారై, చెప్పులేసుకుని గుమ్మం దిగాక గుర్తొచ్చి వెనక్కి వెళుతున్నారు. ఒకాయన బూట్లు ముందే కొని ఉంచాడు, వాటిని ఏం చేయాలని నన్ను అడుగుతాడు. నేనేం చెప్పను? సంఘం అధ్యక్షుడికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం.

4. పై కారణాల చేత మేము మైదానం గేటు ముందు టెంటు వేసితిమి. వేరొక పెద్ద విషయం మీద ఏళ్ళ తరబడి శిబిరాల్లో కూర్చున్న అలవాటు ఈ ఊరికి ఉంది కనుక టెంటు, కర్రలు, మైకు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఎలా కూర్చోవాలో కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్లాంటులో లాగే ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని పంచుకున్నాం. రిలీవరు వచ్చి కూర్చుంటే గాని ముందున్నవాడు కుర్చీలోంచి లేవకూడదు. గోల్‌పోస్టులు విప్పి మైదానాన్ని వేరే పనికి ఇచ్చేస్తారని విన్నాం కాబట్టి లారీని రానివ్వకూడదు. ఆఫీసరన్నవారెవరినీ గేటు దాటనివ్వకూడదు, కాని మర్యాద తప్పకూడదు. ఇవీ మేము పెట్టుకున్న నియమాలు. మేము ఉద్యోగాల్లో చేరిన రోజుల నుంచి ఏ గేటు దగ్గరైనా ఇవే నియమాలు. వీటి వల్ల మాకు ఎప్పుడూ నష్టం జరగలేదు.

5. ఈసారి జరిగింది.

బి షిఫ్టు ఇన్‌ఛార్జి వీరన్న. పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం, తాను మాత్రం అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ పొద్దుటి డ్యూటీ దిగి, అన్నం డబ్బాతో సహా నేరుగా టెంటుకు వచ్చేవాడు. నాకంటే చాలా చిన్నవాడైనా నన్ను బావా అనే పిలుస్తాడు. టెంటు వేసిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం క్లబ్ మేనేజరు ఉదయ్‌కుమార్ గారు భుజాన సంచీతో ఒక్కరే వచ్చారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"లోపల చిన్న పని ఉంది. కాసేపట్లో వచ్చేస్తాను" అన్నారు ఆయన.

"పని మాకూ ఉన్నాది సార్. ముందు మా పనేటో తేల్చండి, తర్వాత మీ పనికి ఎల్దురు గాని" అన్నాడు వీరన్న. "అయినా ఇంత ఎండన పడి వచ్చీసినారు. మజ్జిగ తాగండి."

ఉదయ్‌కుమార్ గారు నిలబడే మజ్జిగ తాగారు. గేటు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మేము దాన్ని విజయంగా భావించి మైకులో ప్రకటించాం.

ఆ సంచీలో పిల్లలందరి విడుదల పత్రాలూ ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది. క్లబ్ ముద్ర గ్యాలరీ కింది ఆఫీసు గదిలో ఉంటుంది. ఆయన లోపలికి వెళ్ళి ముద్రలు కొట్టి, సంతకాలు పెట్టి, ఇచ్చేసి పోదామని వచ్చారు. పై వాళ్ళు చెప్పారని కాదు, తన మనసుకు తోచి వచ్చారట. అడిగితే చెప్పేవాణ్ణే అంటారాయన. చెబితే ఒగ్గేద్దును బావా అంటాడు వీరన్న. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆఫీసరు తన పని ఏమిటో గేటు దగ్గర చెప్పుకోడు, గేటు దగ్గర కూర్చున్నవాడు ఆఫీసరును అడగడు. ఇరువైపులా అది పాత అలవాటు.

ఈ విషయమై వీరన్నను ఎవరూ ఏమీ అనకూడదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం వల్ల వీరన్నకు ఏమీ ఉపయోగం కలిగినట్లు లేదు.

6. విడుదల పత్రం ఎందుకని తమరు ప్రశ్నించవచ్చును. ఒక క్లబ్ పేర నమోదైన ఆటగాళ్ళు ఆ క్లబ్ వదిలినట్లు సంతకం, ముద్ర ఉన్న కాగితం లేకుండా వేరే క్లబ్‌కు ఆడకూడదట. అకాడమీ మూసేశారు, పిల్లల పేర్లు మాత్రం వదల్లేదు. ఇంట్లోంచి పొమ్మని, గుమ్మం దాటనివ్వనట్లుంది. మిగతా పిల్లల్లో చాలామంది చిన్నవాళ్ళు, ఒక ఏడాది ఆలస్యమైనా ఎక్కడో అక్కడ ఆడుకుంటారు. కొందరు ఇప్పటికే మానేసి ట్యూషన్లలో చేరారు. వాళ్ళ సంగతి తర్వాత చూసుకుంటాం. కీర్తనకు తర్వాత అన్నది లేదు. భువనేశ్వర్‌లో ఒక క్లబ్ వారు ఒక టోర్నమెంటులో ఆ పిల్ల ఆట చూసి రమ్మన్నారు. హాస్టలు, చదువు, శిక్షణ అన్నీ వాళ్ళే చూస్తారు. వాళ్ళ నమోదు గడువు ఈ శుక్రవారంతో ముగుస్తుంది. వచ్చే ఏడాదికి కీర్తన ఆ జట్టు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో తమకు రాయనక్కర్లేదు. జాలరిపేటలో తల్లి పక్కన ఇంకో తట్ట పెట్టుకోవడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

7. మేము విడుదల పత్రాలు అడగ్గా, గేటు ఖాళీ చేసి మైదానాన్ని అప్పగించిన తర్వాత పరిశీలిస్తామని కంపెనీ వారి నుంచి నోటి వర్తమానం వచ్చింది. దాని మీద టెంటులో సమావేశం పెట్టాం. గేటు వదిలితే అకాడమీ వదులుకున్నట్టే, ఇంకెప్పటికీ తిరిగి రాదు. వదలకపోతే పిల్ల ఆగిపోతుంది. మైకు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉంది గాని ఎవరూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

"గేటు ఒగ్గేత్తే మన సేతిలో మరేటుంటాది బావా?" అన్నాడు వీరన్న నాతో. "గోలుపోస్టులు లారీ ఎక్కేత్తే అకాడమీ అయిపోయినట్టే."

సరిగ్గా అప్పుడే కీర్తన తల్లి నూకాలు వచ్చింది. బేరాలు ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, ఖాళీ తట్ట చంకలోనే ఉంది. దాన్ని కుర్చీల మధ్య దించింది.

"అకాడమీ అంటే ఏటి తమ్ముడా? ఆ ఇనప గొట్టాలా? నా గుంట కీర్తన కాదేటి?" అంది. "మీరు గొట్టాలకి కాపలా కాత్తన్నారు. నా గుంటని లోపలెట్టి తాళం ఏసీసినారు. అది సూత్తన్నారా?"

వీరన్న తల పైకెత్తాడు.

"అలగని మన గుంటని ఒరిస్సా వోళ్ళకి మన సేత్తో మనమే ఇచ్చీడమేటి అప్పా? రేపొద్దున్న ఆళ్ళ జెర్సీ ఏసుకుని మన మీదే ఆడతాది."

"ఆడనీ" అంది నూకాలు. "ఆడితే సాలు నాకు. ఎవుల మీదైతే ఏటి?"

ఆవిడ కూర్చోలేదు. తట్ట తీసుకుని వెళ్ళిపోయింది. అయ్యా, నేను ఈ క్లబ్ కోసం అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నవాణ్ణి. ఒరిస్సా జట్లతో ఆట అంటే ముందు రోజు నుంచి అన్నం సహించని మనిషిని. ఆ సాయంత్రం నాకు సిగ్గేసింది. మేము పిల్లను ప్రేమిస్తున్నామనుకున్నాం, పిల్ల మాది అన్న మాటను ప్రేమిస్తున్నాం. ఈ వాక్యం అర్జీలో ఉండదగినది కాదని తెలుసు. ఉండనివ్వండి.

8. ఓటింగు షిఫ్టుల వారీగా జరిగింది. ఏ షిఫ్టు వాళ్ళు గేటు వదిలేద్దామన్నారు. సి షిఫ్టు వాళ్ళు రాత్రి కాపలా వల్ల సగం మంది కుర్చీల్లోనే నిద్రపోతున్నారు, లేపితే సరే అన్నారు. బి షిఫ్టు వాళ్ళు వీరన్న వైపు చూశారు. వీరన్న లేచి వెళ్ళి టెంటు తాడు మొదటి మేకు తనే పీకాడు. రిలీవరు రాకుండా మేము కుర్చీలు వదలడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న లారీ వచ్చింది. మేము అడ్డం పడలేదు, ఊరికే చూడ్డానికి వెళ్ళి గోడ మీద కూర్చున్నాం. కాంట్రాక్టు పనివాళ్ళకు గోల్‌పోస్టుల బోల్టులు ఊడలేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. గ్యాసుతో కోసేద్దామని సిలిండరు దించుతుంటే వీరన్న గోడ దిగి వెళ్ళాడు.

"కోసీకండి. కోసేత్తే తుక్కు కింద పోతాది. నాను ఇప్పుతాను ఉండండి" అన్నాడు.

తన బండిలోంచి స్పానరు తెచ్చి, బోల్టులకు నూనె పోసి, నాననిచ్చి, ఒక్కొక్కటే విప్పాడు. మిగిలినవాళ్ళం చూస్తూ ఊరుకోలేక తలా ఒక చెయ్యీ వేశాం. గోల్‌పోస్టు దించేటప్పుడు నేల తగలకుండా పట్టుకున్నాం. ఎందుకు పట్టుకున్నామో తెలియదు. అలా రెండు గోల్‌పోస్టులూ మేమే విప్పి, మేమే లారీ ఎక్కించి, తాళ్ళు కూడా మేమే కట్టాం. డ్రైవరు మాకు థ్యాంక్స్ చెప్పాడు.

9. ఆ తర్వాత నేను ఉదయ్‌కుమార్ గారికి ఫోన్ చేసితిని. వారు ఎత్తి మర్యాదగానే మాట్లాడారు.

"గేటు ఖాళీ చేశాం సార్. పత్రం ఎప్పుడు ఇస్తారు?" అన్నాను.

"అదే ఇబ్బందండీ. అకాడమీ మూసివేత నిన్నటితో పూర్తయింది. ముద్ర కూడా పై ఆఫీసుకు అప్పగించేశాను. లేని అకాడమీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదంటున్నారు."

"లేని అకాడమీ మా పిల్లను ఎలా పట్టుకుని ఉంది సార్?"

లీగల్ వాళ్ళను అడుగుతానన్నారు. ఆ రోజు లోపలికి వెళ్ళనిచ్చి ఉంటే బాగుండేదన్నారు. నేను అవునన్నాను. ఇంకేం అంటాను? ఆయన మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, మా సంఘంలో ప్రస్తుతం అది ఎవరి దగ్గరా మిగల్లేదు. లీగల్ వాళ్ళు ఇంకా చెప్పలేదు. ఈ రోజు మంగళవారం.

కావున తమను కోరుకొనునది ఏమనగా:

(అ) అకాడమీని తిరిగి తెరిపించాలన్న మా పాత కోరికను ఇందుమూలముగా వెనక్కు తీసుకుంటున్నాము. మైదానం, గోల్‌పోస్టులు, జెర్సీ రంగు, ఆ పాట, వేటి గురించీ మాకు ఏ అభ్యంతరమూ లేదని రాసిచ్చుచున్నాము. ఇది రాయడానికి నాకు పొద్దుటి నుంచి పట్టింది.

(ఆ) క్లబ్ వారిని పిలిపించి కుమారి కీర్తన విడుదల పత్రంపై ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించవలెను. అట్లు వీలు కానిచో, సదరు అకాడమీ ఇప్పుడు లేదనీ, ఈ క్రీడాకారిణి ఎవరికీ చెందదనీ తమరే ఒక లేఖ ఇప్పించవలెను. తమ వంటి అధికారి లేఖ ఉంటే భువనేశ్వర్ వారు ఒప్పుకోవచ్చునని విన్నాము. ఒప్పుకుంటారో లేదో తెలియదు. మాకు ఇంక వేరే గేటు ఏదీ తెలియదు.

పై సంగతులన్నిటినీ తమరు శుక్రవారం లోగా చిత్తగించవలెను. శనివారం చిత్తగించినా మాకు సంతోషమే గాని, ఉపయోగం ఉండదు.

ఇట్లు,
తమ విధేయుడు,
బి. గురునాథరావు
(షిఫ్టుల వారీగా సభ్యుల సంతకాలు వెనుక పేజీలో ఉన్నవి. బి షిఫ్టు వరుసలో మొదటి సంతకం వీరన్నది.)

తా.క.: అర్జీ పూర్తి చేసి సంతకాలు కూడా తెచ్చాక సాయంత్రం కీర్తన మా ఇంటికి వచ్చింది. తన పేరు మీద రాసిన కాగితం కదా, చదువుకోమని ఇచ్చాను. కోరికల్లో (ఇ) అని మూడోది ఒకటి ఉండేది. సిరాతో కొట్టేసి ఉన్నది తమకు కనిపిస్తుంది. సదరు క్రీడాకారిణి భువనేశ్వర్‌లో శిక్షణ పొందినను, ఎప్పటికైనా తిరిగి వచ్చి విశాఖపట్నం తరఫుననే ఆడి జిల్లాకు పేరు తెస్తుందని సంఘం హామీ ఇస్తున్నది అని రాశాను. అధికారుల దగ్గరికి వెళ్ళేటప్పుడు మన వైపు నుంచి ఒక హామీ అంటూ ఉండాలని నా ఉద్దేశం.

"ఇది తీసీ తాతా" అంది.

"ఎందుకమ్మా? బాగానే ఉంది కదా."

"నాను రాను. ఎల్తే ఎల్లిపోయినట్టే. వచ్చి ఎక్కడ ఆడతాను? ఇక్కడేటున్నాది?"

"ఊరికే రాశానే. ఆఫీసరు గారికి బాగుంటుందని."

"ఆయన నిజమనుకుంటే మరి?"

కలం నేనే తీసి కొట్టేశాను. ఆ పిల్ల పక్కన నిలబడి, వాక్యం మొత్తం పోయిందో లేదో వంగి చూసుకుంది. తర్వాత మా ఆవిడ పెట్టిన అన్నం తిని బస్సుకు వెళ్ళింది. శుభ్రంగా మళ్ళీ రాయమని కుసుమకుమారి అంటోంది, నా వల్ల కాదు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, అది కూడా తమకు తెలియడం మంచిదే.

కనుక అయ్యా, ఈ పిల్ల మా ఊరికి తిరిగి వస్తుందనుకుని తమరు సంతకం పెట్టవద్దు. రాదు. పెట్టండి.